శిశువుల ఆరోగ్యాభ్యాసములు

ప్రతి సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ప్రపంచ హస్తప్రక్షాళన దినము జరుపబడుచున్నది. 2008లో ఆరంభమైన ఈ ఆచారము మన పల్లెటూరి బడులకును వచ్చినది. ఆనాడు పిల్లలను వరుసగా నిలువబెట్టి, సబ్బుబిళ్ల చేతికిచ్చి, వ్రేళ్ల సందులు ఎట్లు తోముకొనవలెనో చూపుదురు. అది మంచి పనియే. కాని మరునాడు ఆ సబ్బుబిళ్ల ఆ బడిలోనే యుండునా, కొళాయి త్రిప్పిన నీరు పడునా అని విచారించువారు అరుదు. ఒక దినము నేర్పి 364 దినములు మరపించుదానిని విద్య యనజాలము, ఉత్సవ మనవచ్చును.

పసిపిల్లలకు ఆరోగ్యకరములగు నిత్యాభ్యాసములను అలవరచుట చూచువారికి చిన్న విషయముగా తోచును. శాసనసభలలో దీనినిగూర్చి వాగ్వాదములు జరుగవు. ఎన్నికలలో దీనిపేర ఓట్లడుగు అభ్యర్థి కానరాడు. అయినను మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల ప్రాయమున బిడ్డ చేతికిని, నోటికిని, కాలికిని పట్టుబడిన అలవాటు ఏబదియేండ్ల వరకు వెంట వచ్చును. మేము నేడు చెప్పదలచినది ఒక్కటే. అలవాటు బోధవలన రాదు. పెద్దల నడవడివలనను, చేతికందునట్లు అమర్చిన సాధనములవలనను వచ్చును. ఆ సాధనములను అమర్చు భారము బిడ్డది కాదు, ఒంటరిగా తల్లిదియు కాదు, ఊరి పెద్దలది. నెల్లూరు సముద్రతీరమున ఈ సంగతి తక్కిన చోట్లకంటె స్పష్టముగా కనబడుచున్నది.

మన పూర్వుల యిండ్లను ఒకసారి జ్ఞప్తికి దెచ్చుకొందము. వీధినుండి వచ్చినవాడు గుమ్మమువద్దనున్న గోలెములోని నీటితో కాళ్లు కడుగుకొనక లోనికి అడుగిడడు. తెల్లవారగనే వేపపుల్ల నోటనుండును. భోజనమునకు ముందును వెనుకను చేయి కడుగుట, నోరు పుక్కిలించుట తప్పని నియమములు. శనివారము తలంటి. ఈ నియమములను పిల్లలకు నేర్పుటకై అవ్వ ఉపన్యాసము లిచ్చినదా? లేదు. గోలెము గుమ్మమువద్ద నుండెను. చెంబు గోలెముమీద నుండెను. తాత ప్రతిదినము కాళ్లు కడుగుకొనుచుండెను. బిడ్డ చూచెను, చేసెను. అభ్యాసశాస్త్రమున నేటి పండితులు చెప్పుచున్నదియు ఇంతే. ఒకే వేళ, ఒకే చోట, ఒకే వరుసను మరల మరల జరిగిన పనియే అలవాటగును.

ఇట్లనుటచే పూర్వాచారమంతయు నిర్దుష్టమని మేము చెప్పుట లేదు. కాళ్లు కడుగుకొని లోనికి వచ్చిన పెద్దమనిషియే చెరువుగట్టును మలినపరచుచుండెను. శుచి యను మాటను దేహమునకు గాక కులమునకు అంటగట్టి, తోటి మనుష్యుని బావి దాపునకు రానీయని పాపమును మనమే చేసితిమి. శౌచమును ఇంటి గడపవద్దనే ఆపి, వీధిని, చెరువును, పరుల బిడ్డను మరచిన దోషము మనది. కావున పూర్వుల పద్ధతిలోని ఉపాయమును గ్రహింపవలెను, దోషమును విడువవలెను. గోలెము అందరి గుమ్మముల ముందును ఉండవలెను.

చేతులు కడుగుకొనుటవలన కలుగు మేలు ఇప్పుడు ఊహాపోహల విషయము కాదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, తోటి వైద్యులు చేతులు శుద్ధిచేసికొని పురుడు పోయవలెనని నియమము పెట్టగనే బాలెంతల మరణములు విశేషముగా తగ్గినవి. 2005లో ప్రకటింపబడిన కరాచీ నగరపు పరిశోధనలో, పేదల పేటలయందు సబ్బు నిచ్చి ఇంటింట అభ్యాసము చేయించినచోట, అయిదేండ్లలోపు బిడ్డలకు వచ్చు ఊపిరితిత్తుల జబ్బు సగమునకు తగ్గినది. అతిసారమును దాదాపుగా సగమునకు తగ్గినది. సబ్బు, నీరు, అభ్యాసము, ఈ మూడును కలసినచోటనే ఆ ఫలము లభించినదని గమనింపవలెను. ఒక్క అభ్యాసమును మాత్రము బోధించి తక్కిన రెంటిని దైవమునకు విడిచిన ఆ ఫలము రాదు.

క్రిముల సంగతియు నిట్టిదే. కొంకిపురుగు యొక్క గ్రుడ్లు మలముతో నేల చేరి, తడియు నీడయు గల యిసుక నేలలో పొదుగబడి, చెప్పులులేని పాదమును తొలిచికొని దేహము ప్రవేశించును. ప్రేగులకు అంటుకొని రక్తమును త్రాగును. బిడ్డ పాలిపోవును, చదువున మందగించును. తండ్రి వానిని సోమరియనును. 2015 నుండి దేశమంతట ఫిబ్రవరి 10వ తేదీన నులిపురుగుల నివారణ దినము జరుగుచు, అంగన్‌వాడీలలోను బడులలోను ఆల్బెండజోల్ మాత్ర లిచ్చుచున్నారు. మాత్ర కడుపులోని పురుగును చంపును. కాని పిల్లవాడు మరల వట్టికాళ్లతో అదే యిసుకలో నడచిన మరల పురుగు చేరును. మాత్ర ప్రభుత్వ మీయవచ్చును. చెప్పులు తొడుగుట, మరుగుదొడ్డిని వాడుట, గోళ్లు తీయుట దినదినము ఇంటను బడిలోను జరుగవలసిన పనులు.

ఇక మన తీరమునకు వత్తము. జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నము మొదలుకొని దక్షిణమున పులికాటు సరస్సు వరకు వ్యాపించిన యీ ప్రదేశమున నీటికి కరవు లేదు. ఒకవైపు సముద్రము, మరియొకవైపు బకింగ్‌హాము కాలువ, నడుమ ఏర్లు, కయ్యలు. కాని బిడ్డ త్రాగుటకును, సబ్బు నురుగు వచ్చుటకును తగిన నీరు ఎంత? ఉప్పునీట సబ్బు నురుగునీయదని ఇచటి ప్రతి యిల్లాలికిని తెలియును. చేతులు జిగటగానే యుండును. బిడ్డ విసుగుకొని పరుగెత్తును. ఉప్పుబోరు దప్ప మరొకటి లేని పట్టపుపాలెమునకుబోయి హస్తప్రక్షాళన మహిమను వర్ణించుట, పళ్లెము లేని వానికి భోజనమర్యాదలు నేర్పుటవంటిది. నీటిని డబ్బాలలెక్కన కొని తెచ్చుకొను తల్లి, ఆ నీటిని త్రాగుటకు దాచునా, దినమునకు పదిసార్లు బిడ్డచేతుల మీద పోయునా?

ఈ యుప్పదనములో కొంత సముద్రము పెట్టిన భిక్ష. కొంత మనము తెచ్చుకొన్నది. 1990 ప్రాంతములనుండి ఈ తీరమున వరిపొలములు రొయ్యల గుంటలైనవి. 1994-95లలో తెల్లమచ్చల తెగులు వచ్చి ఆ వ్యాపారమును కూల్చినను, 2009 తరువాత వెనామి రొయ్య వచ్చినప్పటినుండి మరల పుంజుకొన్నది. దానివలన ధనము వచ్చినది, పనులు దొరకినవి, విదేశీద్రవ్యము లభించినది. ఈ లాభములను మేము కాదనము. కాని గుంటలోని ఉప్పునీరు ప్రక్క పొలమునకును బావికిని ఊరుచున్నదని ప్రక్క రైతు చెప్పినప్పుడు, కౌలు తీసికొన్న భూస్వామి ఎంతవరకు చెవి యొగ్గినాడు? 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీముకోర్టు తీరప్రాంతపు రొయ్యల పెంపకమునుగూర్చి జగన్నాథన్ గారి వ్యాజ్యమున ఇచ్చిన తీర్పులో, మన నెల్లూరు జిల్లాలోని యొక మత్స్యకార గ్రామపు స్థితియు ఎక్కినది. గుంటలవలన త్రాగునీరు చెడగా, ఆ ఊరికి బండ్లమీద నీరు తెచ్చి కుటుంబమునకు రెండు కుండల చొప్పున పంచిరని అందున్నది. ఆనాటి ఆ తల్లులకు శుభ్రతనుగూర్చి బోధింపవలసిన దేమున్నది? వారికి అలవాటు కలదు, నీరు లేదు. ఉన్న అలవాటును సైతము నీటిలేమి చెరపగలదని ఇంతకంటె తార్కాణము వేరొకటి యేల?

2005లో తీరప్రాంత జలకృషి ప్రాధికార సంస్థను నెలకొల్పుచు పార్లమెంటు చట్టము చేసినది. చట్టములు గలవు. కాని ఏ గుంట ఏ బావికెంత దూరముననున్నదో ఢిల్లీలోని యధికారికంటె ఊరి కాపునకే బాగుగా తెలియును. తన గట్టువలన ఊరిబడి బోరు ఉప్పగుచున్నదేమో విచారించుకొనుట భూవసతి గల ప్రతివానికిని నేడు ధర్మము.

బడి మరుగుదొడ్డి మాటయు ఇక్కడ చెప్పకతప్పదు. 2014 అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛభారత ప్రచార మారంభమైనపిమ్మట బడులలో గదులు కట్టబడినవి. గది కట్టుట ఒకనాటి పని. దానికి దినమును నీరు పోయుట, కడుగుట, తాళము తీసి యుంచుట ఏడాది పొడవున జరుగవలసిన పని. నీరులేని మరుగుదొడ్డిని చూచి అసహ్యపడిన ఆడపిల్ల, దానికి పోకతప్పుటకై ఉదయమునుండి మంచినీరు త్రాగుట మానును. తీరపు ఎండలో అట్టి బిడ్డకు తలనొప్పియు మూత్రవ్యాధులును వచ్చుట వింత కాదు. నీరు బాగుగా త్రాగుడని గోడమీద వ్రాసి, త్రాగుటకు భయపడు స్థితిని గోడవెనుక నుంచితిమి.

ఆహారమునందును పెద్దలు నోటితో నొకటి చెప్పి చేతితో వేరొకటి చేయుచున్నారు. అంగన్‌వాడీలో గ్రుడ్డును, బడిలో మధ్యాహ్న భోజనమును పెట్టుచున్నారు. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమును, బడులలో వండిన అన్నమునే పెట్టవలెనని 2001 నవంబరు 28వ తేదీన సుప్రీముకోర్టు ఇచ్చిన ఆజ్ఞయు ఇందుకు మూలములు. కాని బడిగేటు దాటగనే అంగడిలో రంగురంగుల పొట్లములు వ్రేలాడుచుండును. ఉప్పు, నూనె, చక్కెర మితిమీరిన సరకు వానినిండ. పాఠశాల ఆవరణలోను, దానికి 50 మీటర్ల లోపలను అట్టి తినుబండారములు అమ్మరాదని 2020లో దేశీయ ఆహార ప్రమాణ సంస్థ నిబంధనలు చేసినది. ఆ అంగడివాడు మన యూరివాడే. ఆ గది అద్దె తీసికొనువాడు మనలో నొకడే. బిడ్డ ఏడ్చినప్పుడు పది రూపాయలిచ్చి పొట్లము కొనుక్కొమ్మని పంపు తండ్రియు మనలోనివాడే. తీరమున పట్టిన మంచి చేప పట్టణమునకు బండియెక్కిపోగా, దానిని పట్టినవాని బిడ్డ చక్కెరనీళ్లు త్రాగుచుండుట మనకు గౌరవము కాదు. రాగిసంకటి, పెరుగన్నము, చేప, వేరుసెనగ, జామకాయ, మునగాకు ఈ నేల యిచ్చునవే. ఇవి బిడ్డకు రుచింపవలెనన్న, ముందు పెద్దవాని పళ్లెములో కనబడవలెను.

చరవాణి విషయమునను అంతే. రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వరకు గల బిడ్డ దినమున కొక గంటకు మించి తెర చూడరాదని 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. అంతకు తక్కువైన నింకను మేలనినది. అన్నము తినిపించుటకు చరవాణిని చేతికిచ్చు తల్లి, తానును భోజనవేళ దానినే చూచుచున్న తండ్రి, బిడ్డను కోపించి ప్రయోజనమేమి?

ఈ విషయమున మనకు త్రోవ చూపినవారు లేకపోలేదు. గాంధీమహాత్ముడు గ్రామపారిశుద్ధ్యమును, ఆరోగ్యవిద్యను స్వరాజ్యమునకు వెలుపలి విషయములుగా ఎంచలేదు. 1941లో ప్రకటించిన నిర్మాణ కార్యక్రమమున ఈ రెంటిని వేర్వేరు అంశములుగా చేర్చి, ఖద్దరు, అస్పృశ్యతా నివారణముల సరసన నిలిపినాడు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యామహాసభ నుండి వెలువడిన మూలవిద్యా పద్ధతి, చేసి నేర్చుకొనుటయే చదువని చాటినది. మన జిల్లాకు ఈ గాలి ముందుగనే వీచినది. పెన్నయొడ్డున పల్లిపాడులో దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగార్లు నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును గాంధీజీ 1921 ఏప్రిల్ 7వ తేదీన ప్రారంభించెను. ఆ యాశ్రమమునకు తోడ్పడిన పొణకా కనకమ్మగారు భూవసతిగల కుటుంబములోని స్త్రీ. ఆమె 1923లో నెల్లూరున బాలికలకై కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించెను. 1929లో దాని భవనమునకు గాంధీజీయే శంకుస్థాపన చేసెను. ప్రభుత్వము చేయలేదని ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆనాడు ప్రభుత్వము పరులది, నేడు మనది. పరప్రభుత్వమున చేసిన పనిని స్వప్రభుత్వమున మానుటకు కారణము కానరాదు.

ఇంకను సమీపకాలపు నిదర్శనము గలదు. 1991లో ఈ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచినప్పుడు, సారాయివలన చితికిన యొక సంసారపు కథను వాచకమున చదివిన దూబగుంట స్త్రీలు పుస్తకమును మూసి యూరకుండలేదు. ఆ ఊరు తీరమునకు దూరముగా మెట్టసీమ నున్నది. రోశమ్మ మొదలగువారు 1992లో తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీ నుండి సారాయి నిషేధింపబడినది. పాఠము ఏల ఫలించినది? అది వారి యింటి గాయమును తాకినది. చేయదగిన పని కన్నులయెదుట నుండినది. అందరు కలసి చేసిరి. పసిపిల్లల ఆరోగ్యపాఠమునకును ఈ మూడు లక్షణములు కావలెను.

పరదేశముల సంగతి చూచినను తేలున దిదియే. ఇంగ్లండులో మార్గరెట్ మెక్‌మిలన్ అను మహనీయురాలు సోదరి రేచెల్‌తో గూడి 1914లో లండను నగరపు డెట్‌ఫర్డ్ పేటలో ఆరుబయటి శిశువిద్యాలయమును తెరచినప్పుడు, పేదబిడ్డలకు అక్షరములకంటె ముందు స్నానమును, గాలిని, భోజనమును, నిద్రను ఏర్పరచినది. జపానుదేశమున నేటికిని పిల్లలు తమ తరగతి గదులను తామే ఊడ్చి తుడుచుకొందురు; మధ్యాహ్న భోజనమును తామే వంతులవారీగా వడ్డించుకొందురు. దానికై 1954లోనే చట్టమున్నది. అచట ఉపాధ్యాయుడును పిల్లలతోగూడ చీపురు పట్టును. చీపురు పట్టుట హీనమను భావము గల దేశమున పరిశుభ్రత పరులచేతి పని యగును. పరులచేతి పని ఎన్నటికిని మన యలవాటు కాజాలదు. మన బడులలో ఈ పని ఒకటి రెండు కులముల పిల్లల మీదనే పడకుండ, అందరి వంతుగా జరుగునట్లు చూచుట ఉపాధ్యాయుని మొదటి విధి.

పేదలు అజ్ఞానులు, ఎంత చెప్పినను మారరని కొందరు పట్టణవాసులు అందురు. చేపలమ్ముటకు తెల్లవారుజామున బయలుదేరు తల్లికి బిడ్డమీద ప్రేమ తక్కువ కాదు; తీరిక తక్కువ, నీరు తక్కువ. యానాదుల పిల్లవాడు బడికి రాకుండుటకు కారణము అతని యనాసక్తియని నమ్మువారు, ఆ బడిలో అతనిని ఏ బల్లమీద కూర్చుండబెట్టుచున్నారో ఒకసారి చూచి రావలెను. మేడలలోని పిల్లలు చేయి కడుగకయే బిస్కత్తు తినుచున్నారు. అజ్ఞానము ఒక పేటసొత్తు కాదు.

అంతయు ప్రభుత్వమే చేయవలె ననువారును గలరు. చేయవలసినదే, చేయనప్పుడు నిలదీయవలసినదే. మంచినీటి గొట్టము తీరపుపల్లెకు చేరువరకు జిల్లా యధికారులను పంచాయతీలు విడువరాదు. కాని గొట్టము వచ్చినపిదప కొళాయి మూడడుగుల బిడ్డకు అందు ఎత్తున నున్నదా, సబ్బుబిళ్ల అయిపోయినప్పుడు మరొకటి ఎవరు పెట్టుదురు, అంగన్‌వాడీ ఆయమ్మకు నీరుమోయు సాయమున్నదా అను విషయములను రాజధానినుండి ఎవరును చూడజాలరు.

కావున మా సూచనలు కొద్దివి. ప్రతి పంచాయతీయు తన బడిబోరు నీటిని పరీక్ష చేయించి ఫలితమును బడిగోడమీద వ్రాయింపవలెను. నీరు ఉప్పైనచోట చేతులు కడుగుకొనుటకు సరిపడు మంచినీరును వేరుగా నిలువచేయు తొట్టి కట్టింపవలెను. రొయ్యల గుంటలు గలవారు ఊరుమ్మడి బావికి తగినంత దూరము విడచుటయే గాక, ఈ తొట్టిఖర్చును తమ లాభమునుండి భరింపవలెను. ఇది దానము కాదు, బాకీ. బడి పెద్దలు భోజనపు గంటకు ముందు చేతులు కడుగు గంటను కొట్టింపవలెను. ఉపాధ్యాయుడు పిల్లల వరుసలో మొదటివాడై కడుగుకొనవలెను. ఉత్సవములకు, కల్యాణమంటపములకు చందాలిచ్చు శ్రీమంతులు ఊరి పిల్లల చెప్పులకును సబ్బులకును ఏడాదికొకసారి కొంత తీసి యుంచవలెను. వీనిలో ఏదియు అసాధ్యము కాదు. మిక్కిలి వ్యయము గలదియు కాదు.

నెల్లూరు తీరపు ప్రజలు తుపానులకు తలయొగ్గినవారు కారు; సముద్రముతో పోరి బ్రదుకుచున్నవారు. వారి బిడ్డలు అతిసారమునకు, పేగుపురుగులకు, నీటిలేమికి ఓడరాదు. ఇకముందు అక్టోబరు 15వ తేదీన బడికి విచ్చేయు పెద్దలు పిల్లల చేతులను చూచుటకు ముందు కొళాయి త్రిప్పి చూతురుగాక. మంచినీరు పడెనేని ఆ బడిలో పాఠము జరుగుచున్నదని నమ్మవచ్చును. పడకున్న, నేర్చుకొనవలసినవారు పిల్లలు కారు.